చేదు పువ్వు సంగతి రాసిన మఠకన్య: బింగెన్‌పురి పునీత హిల్డెగార్డమ్మ



సెప్టెంబరు 17వ తేదీన శ్రీసభ స్మరించుకునే బింగెన్‌పురి పునీత హిల్డెగార్డమ్మ గారి పేరు మీలో కొందరైనా విని ఉంటారు. దర్శనాలు పొందిన పుణ్యవతి అనీ, కీర్తనలకు బాణీలు కట్టిన మఠకన్య అనీ ఆమెను ఎరుగుదురు. ఆమెను గురించి మన విచారణలలో ఎవరూ చెప్పుకోని చిన్న సంగతి మరొకటి ఉన్నది. బీరులో వేసే హాప్ అనే చేదు పువ్వు ఏ పనికి వస్తుందో, మనిషికి ఏమి కీడు చేస్తుందో వివరంగా రాసిపెట్టిన తొలివారిలో ఆమె ఒకరు. తాగుడు మానండని నిత్యం చెప్పే పత్రికలో ఈ బీరు ముచ్చట ఏమిటని ఇంటి తల్లులు కోపగించుకోవద్దు. కాస్త ఓపికతో చదవండి.

హిల్డెగార్డమ్మ 1098వ సంవత్సరంలో జర్మనీ దేశపు రైన్ నదీ ప్రాంతంలో ఒక గొప్ప కుటుంబంలో పుట్టారు. పదవ సంతానమని చెబుతారు. చిన్ననాటినుండి ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒక జబ్బే. తల్లిదండ్రులు ఆమెను దేవునికి కానుకగా ఇచ్చారు. 1112 నవంబరు 1న, సకల పునీతుల పండుగనాడు, యుట్టా అనే భక్తురాలితోపాటు డిసిబోడెన్‌బర్గ్ మఠాన్ని ఆనుకుని ఉన్న చిన్న గదులలో ఆమె ప్రవేశించారు. కీర్తనల గ్రంథం, కొద్దిపాటి లత్తీను, జపం, చేతిపని, ఇవే ఆమె చదువు. 1136లో యుట్టా మరణించగా తోటి కన్యలు హిల్డెగార్డమ్మనే తమ పెద్దగా ఎన్నుకొన్నారు.

1141లో, తాను చూచినవి రాయమని దైవాజ్ఞ అయినదని ఆమె గ్రహించారు. మొదట భయపడి మంచం పట్టారు. తరువాత వోల్మార్ అనే సన్యాసి సాయంతో పదేళ్ళు శ్రమించి మొదటి గ్రంథం పూర్తి చేశారు. 1147-48లో ట్రియర్ నగరంలో జరిగిన సభలో మూడవ యూజీను పోపుగారు ఆ రాతలను చదివించి, ఇంకా రాయమని ప్రోత్సహించారు.

పేరు పెరిగింది, చోటు ఇరుకైంది. బింగెన్ వద్ద నాహె నది రైన్ నదిలో కలిసే చోట రూపెర్ట్స్‌బర్గ్ అనే కొండమీద సొంత మఠం కట్టుకుంటామని అడిగితే మఠాధిపతి కూనో ఒప్పుకోలేదు. ఆమె లేవలేని స్థితిలో పడిపోయారు. ఆయన స్వయంగా వచ్చి చూచి, ఇది దైవచిత్తమని తలచి అనుమతించాడు. 1150 ప్రాంతంలో సుమారు 20 మంది కన్యలతో ఆమె అక్కడికి తరలిపోయారు. మొదటి రోజులలో చాలా లేమి అనుభవించారు.

ఆ కొత్త మఠంలోనే చెట్టు, పుట్ట, రాయి, చేప, పక్షి, లోహం వేటి గుణం ఏమిటో వివరించే పెద్ద గ్రంథం తయారైంది. మన హాప్ పువ్వు కనిపించేది ఇందులోనే.

ఇక్కడ కొంచెం ఆగి ఆ కాలపు బీరు సంగతి తెలుసుకోవాలి. పునీత బెనెడిక్టు గారి నియమావళిలో సన్యాసులకు రోజుకు ఇంత ద్రాక్షారసం అని కొలత ఉన్నది. మానుకోగల శక్తి ఉన్నవారికి ప్రతిఫలం ఉంటుందని కూడా అందులోనే ఉన్నది. ద్రాక్ష పండని చోట్ల మఠాలు మొలకెత్తించిన ధాన్యంతో బీరు కాచుకునేవి. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఎలా పులిసిపోతుందో మీకు తెలుసు. ఆ బీరూ అంతే, త్వరగా పాడయ్యేది. రుచికీ నిలువకూ గ్రూట్ అనే ఆకుల మిశ్రమం వేసేవారు. చిత్తడి నేలలలో పెరిగే ఒక సువాసన పొద అందులో ముఖ్యం. ఆ గ్రూట్ అమ్మే హక్కు చాలా చోట్ల ప్రభువులదీ పీఠాధిపతులదీ. అది వారికి మంచి రాబడి! హాప్ పువ్వు అప్పటికి కొత్తది కాదు. 822లో ఫ్రాన్సు దేశపు కోర్బీ మఠాధిపతి అడాల్‌హార్డ్ రాయించిన నిబంధనలలో బీరుకు హాప్ సేకరించడం ప్రస్తావన ఉన్నది. అయితే అది ఎందుకు వేయాలో ఆయన చెప్పలేదు.

హిల్డెగార్డమ్మ చెప్పారు. మన వైద్యులు వాత పిత్త కఫాలని అన్నట్లే ఆనాటి ఐరోపా వైద్యులు దేహంలో నాలుగు రసాలని నమ్మేవారు. ఆ లెక్క ప్రకారం హాప్ వేడి చేసేది, పొడి గుణం కలది. మనిషికి అంతగా మేలు చేయదు, దిగులు పెంచుతుంది, మనసును క్రుంగదీస్తుంది, పేగులకు బరువు. ఇంత చెప్పి, అయినా దాని చేదు పానీయాలలో కుళ్ళును ఆపుతుంది, అవి ఎక్కువ కాలం నిలుస్తాయి అని ఒప్పుకున్నారు. తనకు ఇష్టంలేని దానిలోని మంచిని కూడా దాచకుండా చెప్పడం నాకు ఎంతో నచ్చింది. హాప్ వద్దనుకునేవారికి దారి కూడా చూపారు. ఓట్స్ ధాన్యంతో బీరు కాచేటప్పుడు హాప్ మాని, గ్రూట్‌తోపాటు యాష్ చెట్టు ఆకులు బాగా వేసి మరిగిస్తే కడుపు శుభ్రపడుతుందట.

ఆమె చూచి చెప్పిన దానికి కారణం శాస్త్రజ్ఞులు తరువాత కనుగొన్నారు. ఆడ హాప్ తీగ పూలలో పసుపుపచ్చని జిగురు పొడి ఉంటుంది. గంటసేపు మరిగిస్తే అందులోని ఆమ్లాలు మారి చేదు దిగుతుంది. పులుపు పుట్టించే సూక్ష్మజీవులను ఆ చేదే అడ్డుకుంటుంది. కాని అంతసేపు మరిగితే పరిమళం ఆవిరితో ఎగిరిపోతుంది. మన ఇంట్లో పోపు చివర ఇంగువ వేసినట్లే, పరిమళం కోసం వేసే పూలు దించే ముందు వేస్తారు. పేల్ ఏల్ అనే లేతరంగు బీరు ఇంట్లో కాచుకునే పాశ్చాత్యులు రకాలను ఎంచి కలిపేది అందుకే. చేదుకు ఒక రకం మొదట, వాసనకు ఇంకొకటి చివర. మట్టి వాసన, పూల వాసన కావాలంటే ఇంగ్లండు ఫగల్, గోల్డింగ్స్. నారింజ జాతి పండ్ల వాసన కావాలంటే 1972లో అమెరికాలో విడుదలైన కాస్కేడ్. ఆ కాస్కేడ్ ఫగల్ వంశంలోనిదే. 18వ శతాబ్దం చివర ఇంగ్లండునుండి మన దేశానికి నెలల తరబడి ఓడలలో వచ్చిన బీరులో హాప్ ఎక్కువ వేసేవారు. హిల్డెగార్డమ్మ రాసిన నిలువ గుణమే అక్కడ పనికివచ్చింది.

ఇక ఆమె చివరి పరీక్ష గురించి చెప్పాలి. 1178లో, ఆమెకు 80 ఏళ్ళ వయసులో, ఒక పెద్దమనిషిని రూపెర్ట్స్‌బర్గ్ సమాధుల తోటలో పాతిపెట్టారు. అతడు ఒకప్పుడు శ్రీసభ వెలివేసినవాడు. చనిపోకముందే పశ్చాత్తాపపడి, సంస్కారాలు పొందాడు. అయినా మైంజ్ నగరంలోని గురువులు శవాన్ని తవ్వి పారవేయమని ఆజ్ఞాపించారు. అగ్రపీఠాధిపతి అప్పుడు ఇటలీలో ఉన్నారు. హిల్డెగార్డమ్మ ఒప్పుకోలేదు. దేవుడు క్షమించినవానిని తాను ఎలా బయటికి తీయగలదు? తవ్వేవారికి గుర్తు దొరకకుండా సమాధి ఆనవాళ్ళను తన చేతికర్రతో చెరిపివేశారని చెబుతారు. శిక్షగా మఠం మీద నిషేధం పడింది. గంట మోగరాదు, పాట పాడరాదు, సత్ప్రసాదం లేదు. జీవితమంతా పాడిన ఆ కన్యలు తలుపులు మూసుకుని మెల్లగా జపాలు చదువుకున్నారు. సత్ప్రసాదానికి దూరంగా ఒక్క ఆదివారం గడపడమే మనలో చాలామందికి కష్టం. ఆ వయసులో, నెలల తరబడి, అదీ తప్పు చేయకుండా!

ఆమె నిషేధాన్ని ధిక్కరించలేదు, సమాధినీ అప్పగించలేదు. ఉత్తరాలు రాశారు. దేవుని స్తుతించే గానాన్ని తగిన కారణం లేకుండా ఆపినవారు దేవునికి లెక్క చెప్పాలని మైంజ్ పెద్దలను హెచ్చరించారు. చివరకు 1179 మార్చిలో నిషేధం తొలగింది. గంటలు మళ్ళీ మోగాయి. ఆరు నెలలకు, సెప్టెంబరు 17న, ఆమె కన్నుమూశారు.

ఆమె ప్రకృతి గ్రంథం 1533లో స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చయింది. 2012 అక్టోబరు 7న 16వ బెనెడిక్టు పోపుగారు ఆమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. అవిలాపురి తెరేసమ్మ, సియన్నాపురి కత్తెరీనమ్మ, లిసియుపురి తెరేసమ్మల తరువాత ఆ గౌరవం పొందిన నాలుగవ స్త్రీ ఆమె. రూపెర్ట్స్‌బర్గ్ మఠం 1632లో యుద్ధంలో ధ్వంసమైనది. ఆమె అవశేషాలు రైన్ నదికి ఆవలి ఒడ్డున ఐబింగెన్ విచారణ గుడిలో ఉన్నాయి. ఆ ఊరి పైన 1904లో వెలసిన ఆమె పేరిటి మఠంలో మఠకన్యలు ఈనాటికీ ద్రాక్షతోటలు సాగుచేస్తున్నారు.