లెక్క దాచని నర్సమ్మ

మా పక్కింటి అమ్మాయి ఈమధ్యే నర్సింగులో చేరింది. దీపం పట్టుకుని ప్రమాణం చేస్తున్న ఫొటో తెచ్చి, ఈ ప్రమాణం నైటింగేల్ రాసిందే కదా చిన్నమ్మా అని అడిగింది. కాదన్నాను. 1893లో అమెరికాలో, డెట్రాయిట్ నర్సింగ్ స్కూలు వాళ్ళు రాసి ఆమె పేరు పెట్టుకున్నారు. మరి దీపం పట్టుకుని తిరగడం తప్ప ఆవిడ చేసిందేమిటి అంది. ఆ దీపం కూడా బొమ్మల్లో చూపించే ప్రమిద కాదు, టర్కీలో వాడే మడత లాంతరు. మా పాలమూరు వైపు కందిలి లాంటిదనుకోండి.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న రోజులవి. 2016లో వేరే జిల్లాలయ్యాయి. ఇప్పుడు మూడుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కొత్తగా ఈ వృత్తిలోకొచ్చే పిల్లలకు ఆ కందిలి వెనకున్న మనిషి కథ తెలియాలనిపించి ఇది రాస్తున్నాను.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది. ఊరి పేరే పిల్లకు పెట్టారు. కలిగిన ఇంగ్లీషు కుటుంబం. నర్సు పనిలో చేరతానంటే ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. ఆ రోజుల్లో అక్కడ నర్సంటే తాగుబోతు, చదువూ సంధ్యా లేని మనిషి అని లోకుల మాట. మన దగ్గర మాత్రం? నేను నర్సు ట్రైనింగుకు వెళ్తానంటే మా మేనమామ మూడు నెలలు మాట్లాడలేదు. ఆమె ఏళ్ళ తరబడి పోరాడి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు పని నేర్చుకుంది. 1853లో లండన్‌లో జబ్బుపడ్డ ఆడవాళ్ళకోసం నడిపే ఒక చిన్న ఆసుపత్రికి జీతం లేకుండా సూపరింటెండెంటయింది. కమిటీవాళ్ళు తమ చర్చికి చెందినవాళ్ళనే చేర్చుకుందామన్నారట. అన్ని మతాలవాళ్ళనూ చేర్చుకుంటేనే ఉంటానని పట్టుబట్టి ఒప్పించింది.

1854లో క్రిమియా యుద్ధం. 38 మంది నర్సులతో బయల్దేరి నవంబర్ 4న టర్కీలోని స్కుటారి మిలిటరీ ఆసుపత్రికి చేరింది. డాక్టర్లకు ఆడవాళ్ళు రావడమే ఇష్టం లేదు. ఆమె వాళ్ళతో తగువు పెట్టుకోలేదు. పిలిచేదాకా తన నర్సుల్ని వార్డులో అడుగు పెట్టనివ్వకుండా కట్లు, పరుపులు కుట్టించింది. గాయపడ్డవాళ్ళు గుంపులుగా వచ్చి పడ్డాక డాక్టర్లే కబురు పెట్టారు. తాగిన నర్సుల్ని మాత్రం మొహమాటం లేకుండా ఇంటికి పంపేసింది. రాత్రి ఎనిమిది దాటితే తాను తప్ప ఏ నర్సూ వార్డులోకి వెళ్ళకూడదు. చనిపోయిన సిపాయిల ఇళ్ళకు తనే ఉత్తరాలు రాసేది.

ఇంతవరకూ మనకు పాఠాల్లో చెప్పిందే. చెప్పనిది తర్వాత ఉంది. దానికి ముందు నా సంగతి ఒకటి చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఏ ఊరి ఆసుపత్రో చెప్పను. రాత్రి డ్యూటీ, వార్డు నిండా మంచాలు, నేనొక్కదాన్నే. తొలికాన్పు అయిన ఒక బాలింతకు రాత్రి రెండింటికీ, పొద్దున ఆరింటికీ టెంపరేచర్ చూసి రాయాలి. రెండింటికి ఇంకో కాన్పు దగ్గర ఉన్నాను. ఆరింటికి ఒళ్ళు తూలుతోంది. రౌండ్స్ టైమైంది. చార్టులో రెండు గడుల్లోనూ 98.4 అని రాసేశాను. అందరూ చేసేదేగా అనుకున్నాను. డాక్టరుగారు చార్టు చూసి ముందుకు వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి ఆ పిల్ల చలితో గజగజా వణికిపోతోంది. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, రాత్రంతా ఒళ్ళు కాలుతూనే ఉంది సిస్టరమ్మా అంది. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆ అంకెలు నేను చూసి రాసినవి కావని చెప్పాను. తిట్లు తిన్నాను, మెమో తీసుకున్నాను. పిల్ల బతికింది. బతక్కపోతే ఆ చార్టు నన్ను కాపాడేదే, అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

ఇక స్కుటారి. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో 100 మందిలో 42 మంది దాకా చనిపోయారు. ఆ చలికాలంలో పోయినవాళ్ళు నాలుగు వేలకు పైమాటే. గాయాలకన్నా విరేచనాలు, జ్వరాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం వచ్చి మురుగు కాలవలు బాగుచేయించి, గాలి ఆడేలా చేసింది. జూన్ నాటికి చావులు 100కి రెండుకు దిగాయి. ఆమె మాత్రం, తిండీ సామానూ చాలక, రోగులు ఆలస్యంగా రావడంవల్లే అంతమంది పోయారని నమ్మింది. 1856లో ఇంటికొచ్చాక విలియం ఫార్ అనే లెక్కల నిపుణుడితో కూర్చుని ఆసుపత్రి రికార్డులన్నీ తిరగేసింది. అప్పుడు తేలింది. యుద్ధభూమి దగ్గరున్న చిన్న ఆసుపత్రులకన్నా తాను పనిచేసిన స్కుటారిలోనే చావులెక్కువ. భవనం కిందే మురుగు.

దేశమంతా దేవతలా పూజిస్తోంది. నోరు మూసుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆమె ఆ అంకెలన్నీ రిపోర్టులో రాసి, ప్రభుత్వం బయటపెట్టకపోతే 1858లో సొంతంగా అచ్చువేయించి పెద్దలకు పంచింది. మామూలువాళ్ళకు కూడా అర్థమయ్యేలా చావుల్ని రంగుల చక్రాల బొమ్మలుగా గీయించింది. ఆ ఏడే స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన మొదటి స్త్రీ అయింది. 1857లోనే ఆరోగ్యం కుప్పకూలింది. తర్వాత చాలా ఏళ్ళు మంచం మీదనుంచే పని.

1859లో నర్సింగ్ మీద పుస్తకం రాసింది. రోగి గదిలో గుసగుసలాడొద్దు, ఉత్తుత్తి ధైర్యాలు చెప్పొద్దు, రోగి సంగతులు బయట మాట్లాడొద్దు. నూట అరవై ఏళ్ళు దాటింది. ఎయిడ్స్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక మనిషికి ఆ జబ్బుందని తేలితే గంటలో ఆసుపత్రి గేటు దాకా పాకేది. ఆ గుట్టు కాపాడటానికి మన దేశంలో 2017లో చట్టమే చేయాల్సొచ్చింది.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరుతో స్కూలు పెట్టారు. అక్కడ ప్రతి అమ్మాయికీ ఒక మార్కుల షీటు. కట్టుకట్టడం, మంచం సర్దడం కన్నా ముందు వేళకు రావడం, నమ్మదగ్గతనం వంటివి ఉండేవి. తర్వాత నర్సులకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కావాలని మిగతావాళ్ళు అడిగితే, పరీక్ష పెట్టి గుణాన్ని కొలవలేమని అడ్డం తిరిగింది. అక్కడ మాత్రం ఆవిడది పొరపాటే అంటాను. రిజిస్ట్రేషన్ లేకపోతే మాకు గౌరవమెక్కడిది?

మన దేశానికి ఎప్పుడూ రాలేదుగానీ, 1860ల నుంచీ మన పారిశుధ్యం, కరువుల గురించి రాస్తూనే ఉంది. కాలవలు తవ్వించాలని వాదించిన ఆర్థర్ కాటన్‌కు గట్టి మద్దతు. గద్వాల వైపు తుంగభద్ర మీద సుంకేసుల చూసినవాళ్ళకు ఆ కాలం కాలవల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

1910 ఆగస్టు 13న కన్నుమూసింది. తన శరీరాన్ని వైద్యశాస్త్రానికి ఇమ్మని రాసినా ఇవ్వలేదు. పాతకాలం రాజులను పాతిపెట్టిన వెస్ట్‌మినిస్టర్‌లో చోటిస్తామంటే ఇంటివాళ్ళు వద్దని సొంత ఊరి చర్చి పక్కనే ఉంచారు. రాతిమీద పేరు లేదు. రెండు పొడి అక్షరాలు, రెండు తేదీలు. ఇదంతా చెప్పాక మా పక్కింటి పిల్ల కాసేపు ఊరుకుని, ఆ బాలింత పేరు గుర్తుందా చిన్నమ్మా అని అడిగింది. గుర్తుంది.