దామెర్ల గీసిన గోదావరి

ఇన్సేన్‌లో మా ఇంట్లో ఆదివారం పూట కొందరు పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పుతుంటాను. 'ద' నేర్పే రోజున దామెర్ల రామారావు గారి పేరు రాయించి, ఆయన నీటిరంగుల్లో వేసిన గోదావరి బొమ్మ ఒకటి ప్రింటు తీసి చూపించాను. ఇది ఇరావతేనా అని అడిగింది ఒక పాప. దాని తప్పేముంది? నేనూ అంతే. మా తాతయ్య కాకినాడలో స్టీమరెక్కి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చారు. ఆయన చెప్పిన గోదావరిని చిన్నప్పుడు ఇరావతిలాగే ఊహించుకునేవాణ్ణి.

పాప అడిగాక ఆయన గురించి పిల్లలకి చెప్పక తప్పలేదు. మీకూ చెబుతాను.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. అదే ఏడాది అక్కడ గోదావరి మీద హేవ్‌లాక్ రైలు వంతెన పని మొదలైంది. 1900లో రైళ్ళు నడిచాయి. దిగువన ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది. రాజమండ్రి రేవుల్లో నిండుగా నిలిచిన నీళ్ళకి ఆ ఆనకట్ట కూడా కారణమే. అంటే ఆయన కళ్ళు తెరిచేసరికే నది మనిషి చెయ్యి పడిన నది. ఆ ఆనకట్టను తిట్టలేం లెండి, డెల్టాలో మనవాళ్ళు తిన్న అన్నం దాని చలవే.

ఒక దొర నదికి అడ్డం కడితే, ఇంకో దొర దాన్ని చూడటం నేర్పాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. కుర్రాళ్ళని వెంటబెట్టుకుని నది వెంట, కొండల్లోకి తిప్పేవాడు. రామారావుని బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించిందీ ఆయనే.

అక్కడ మంచి పేరు తెచ్చుకున్న మనిషి బొంబాయిలోనే ఉండిపోవచ్చు. ఉండలేదు. రాజమండ్రి తిరిగొచ్చి, మిత్రుడు వరదా వెంకటరత్నం లాంటివాళ్ళతో కలిసి చిత్రకళాశాల పెట్టారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేది.

ఆయన చిత్రాల్లో నన్ను ఎక్కువగా ఆపేది ఋష్యశృంగ బంధనం. కథ మీకు తెలిసిందే. అంగదేశంలో వానల్లేవు. అడవి తప్ప మరేదీ ఎరగని ముని కుమారుణ్ణి ఊళ్ళోకి తెస్తే వానలు పడతాయని వేశ్యలను పంపిస్తారు. చాలామందికి అందులో శృంగారం కనిపిస్తుంది. నాకు మాత్రం తన దాహం తీర్చుకోవడానికి ఊరు అడవిని కట్టి తెచ్చుకోవడం కనిపిస్తుంది. ఆయన అలా అనుకుని వేశారని అనను. చూసేవాడి కాలం కూడా బొమ్మలో కలుస్తుంది కదా.

1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. భార్య సత్యవాణి, స్నేహితులు ఆ చిత్రాలు చెదిరిపోకుండా కాపాడారు. ఇప్పుడవి రాజమండ్రిలో ఆయన పేరుతోనే ఉన్న గ్యాలరీలో ఉన్నాయి.

కాగితం మీది నీటిరంగు ఎంత సున్నితమో బొమ్మలు వేసేవాళ్ళకి తెలుసు. ఎండ తగిలితే వెలుస్తుంది, చెమ్మ తగిలితే మరక పడుతుంది. అలాంటి కాగితాలే ఇప్పుడు కొండల మధ్య గోదావరికి సాక్ష్యం. పోలవరం ప్రాజెక్టు పూర్తిగా నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు. దేవీపట్నం వైపు చాలా ఊళ్ళు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. పాపికొండలు నిలుస్తాయి కానీ పాదాలు మునుగుతాయి. ఇసుకతిన్నెలు, ఒడ్డున కొండరెడ్ల గూడేలు ఇక బొమ్మల్లోనే.

బర్మాలో ఉన్న మాకు ఇది కొత్త బాధ కాదు. ఇరావతి పుట్టే మిత్సోన్ దగ్గర తలపెట్టిన డ్యామ్‌ని జనం గట్టిగా వ్యతిరేకిస్తే 2011లో ఆపేశారు. అప్పుడు ఇక్కడి చిత్రకారులూ, కవులూ ఊరుకోలేదు. రామారావు బతికుంటే పోలవరం గురించి ఏం చేసేవారో ఊహించడం నాకిష్టం లేదు. ఆయన పోట్లాట బొమ్మలు వెయ్యలేదు. ఉన్న నదిని ఉన్నట్టు చూశారు, అంతే.

పాప ప్రింటు అడిగి ఇంటికి తీసుకెళ్ళింది. ఈసారి సెలవులకి మీరు రాజమండ్రి వెళ్తే పిల్లల్ని ముందు దామెర్ల గ్యాలరీకి తీసుకెళ్ళండి. ఆ తర్వాతే పాపికొండల బోటు ఎక్కించండి. నీళ్ళు పెరగకముందే.