ప్రతికి ప్రతిని ముడివేసిన బ్రౌన్ దొర

నేడు ఒక దేశమున వ్రాసిన వెబ్ పుట మరొక దేశపు పుటతో ముడిపడియున్నది. ఒక మాటపై వేలుంచిన చాలును, వేఱొక గ్రంథము తెరచుకొనును. ఈ యంత్రసాధనము పుట్టుటకు నూటయేబది యేండ్లకు పైగా ముందే మన కడపలో ఒక దొర తాళపత్రములతో అట్టి అల్లికకు పూనుకొనిరని మన విద్యార్థులలో ఎందఱెఱుగుదురు?

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించిరి. 1820లో కడప కచేరీలో ఉద్యోగమునకు వచ్చిరి. కొలువుకొఱకు మొదలైన తెలుగు చదువు, వేమన పద్యములు చేతికందిన పిమ్మట వ్రతమైనది.

ఆనాడు ఒక్కొక్క కావ్యమునకు ఊరికొక ప్రతి. ఒకదానిలోని పద్యము మరొకదానిలో లేదు. ఉన్నను పాఠము వేఱు. పురుగులు తినగా మిగిలిన ఆకులు అటకలపై పడియుండెను. బ్రౌన్ పలు తావులనుండి ప్రతులు తెప్పించి, తమ బంగళాలో పండితులకును వ్రాయసకాండ్రకును సొంత జీతమునుండి వేతనములిచ్చి, ప్రతిని ప్రతితో పోల్పించి, పాఠభేదములు గుర్తింపించిరి. ఇందుకై అప్పులపాలైరి. ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపని పని ఇది! 1829లో వేమన పద్యములు ఆంగ్లానువాదముతో వెలువడెను.

పిమ్మట మదరాసులో ప్రభుత్వమునకు పారశీక అనువాదకులైరి. పోస్టుమాస్టరు జనరలు పదవియు నిర్వహించిరి. గ్రంథములను కలిపినవారికి ఊళ్ళను కలుపు ఉద్యోగము దక్కుట మాకు ముచ్చటగా తోచును.

1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో అర్థమిచ్చి ఊరకుండక, ఆ పదము ఏ కావ్యమున ఎచ్చట నున్నదో పలుచోట్ల సూచించిరి. ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను మనకు 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు మరింత ఆప్తము. పండితులు అన్యదేశ్యములని దూరముంచిన పలుకులను అందు ఏర్చికూర్చిరి. ప్రొద్దుటూరు అంగడిలోని రసీదు, జమ్మలమడుగు కచేరీలోని దస్తావేజు, పులివెందుల రైతు కట్టిన కిస్తు ఆ కోవలోనివే. పారశీక, అరబ్బీ భాషలనుండి వచ్చి మన నోట స్థిరపడినవే.

ఉద్యోగము చాలించి లండను చేరియు, అచ్చటి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యులైరి. 1884 డిసెంబరు 12న కన్నుమూసిరి. కడపలో వారి బంగళా ఉన్నచోట నేడు వారి పేరిట గ్రంథాలయమున్నది. నిఘంటువు చికాగో విశ్వవిద్యాలయపు వెబ్‌సైటున చేరినది. ప్రొద్దుటూరులో కూర్చుండి ఒక మాట అడిగిన, దొర గుర్తించిన కావ్యముల పేర్లు అచ్చటనుండి తెరపైకి వచ్చును.