విలియం కేరీ మహాశయుడు

కలకత్తాకు ఎగువన హుగ్లీనది పడమటి గట్టున శ్రీరామపురము కలదు. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున అచ్చటి క్రైస్తవ మిషను ముద్రణాలయమున కాగితములు నిలువచేసిన భాగమున నిప్పంటుకొనెను. అర్ధరాత్రికి కప్పు కూలిపోయెను. ఆ సమయమున కేరీ కలకత్తాలో నుండెను. మరునాటి ఉదయమున సహచరుడైన మార్ష్‌మన్ వచ్చి వార్త తెలిపెను.

కాగితమును అచ్చక్షరములును మాత్రమే కాలియుండిన ఆ నష్టము ధనముతో తీరెడిది. కన్నడమున చేసిన క్రొత్త నిబంధన అనువాదము, సంస్కృత నిఘంటువునకై ఏండ్ల తరబడి కూర్చిన సామగ్రి, మార్ష్‌మనుతో కూడి చేయుచుండిన రామాయణానువాదమున ఒక యేటి కృషి, ఇవన్నియు వ్రాతప్రతులు. వేరు నకళ్లు లేవు. వానితోపాటు మన తెలుగు వ్యాకరణమును బూడిదయయ్యెను. శిథిలములను చూచి కేరీ కన్నీరు పెట్టుకొనెను.

అప్పటికి ఆయన వయస్సు ఏబదియేండ్లు. కష్టము ఆయనకు క్రొత్త కాదు. ఇంగ్లండులో చెప్పులు కుట్టి జీవించిన కేరీ 1793లో వంగదేశము చేరెను. మతప్రచారకుల రాక ఈస్టిండియా కంపెనీవారికి ఇష్టము లేనందున, నీలిమందు కర్మాగారమున ఉద్యోగము చేయుచు కాలము గడపెను. 1794లో అయిదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. అటుపిమ్మట భార్య డోరతీకి మతి చలించెను. 1807లో కన్నుమూయువరకు ఆమె కోలుకొనలేదు. ఆమె మొదట ఈ దేశమునకు రానని పట్టుబట్టినది. ఆమె పడిన బాధను విడిచి భర్త విశ్వాసమును మాత్రమే కొనియాడుట న్యాయము కాదు.

ఏడేండ్లు బోధించినను వంగీయులలో ఒక్కరైనను ఆయనచేత బాప్తిస్మము పొందలేదు. 1800లో ఆయన డేనుల పాలనలోని శ్రీరామపురమునకు మారెను. ఆ యేటి డిసెంబరు 28న కృష్ణపాలుడను వడ్రంగి మొదటివాడుగా బాప్తిస్మము పొందెను.

అగ్నిప్రమాదమునకు తరువాతి ఆదివారమున కేరీ దేవుని చిత్తమునకు లోబడుటను గూర్చి ప్రసంగించెను. అది వట్టి మాట కాలేదు. ముద్రణ యంత్రములు దక్కినవి. పంచానన కర్మకారుడును, ఆయన అల్లుడు మనోహరుడును ఏండ్ల తరబడి చెక్కిన ఉక్కు అచ్చులును చెడలేదు. బూడిదలో గడ్డకట్టిన లోహమును ఏరి, కరగించి, మరల అక్షరములు పోతపోయసాగిరి. ఇంగ్లండులోని సంఘములవారు కొలది కాలముననే నష్టమునకు సరిపడు ధనమును పోగుచేసిరి. వ్రాతప్రతులను మాత్రము ఎవరును పంపజాలరు. కేరీ వానిని మొదటినుండి మరల వ్రాయుటకు కూర్చుండెను.

రెండేండ్లకు, 1814లో, తెలుగు వ్యాకరణము అదే శ్రీరామపురమున ఆంగ్లభాషలో అచ్చయ్యెను. తెలుగునాట ఎన్నడును నివసింపని వాని గ్రంథమగుటచే అది మనవారి వాడుకలో నిలువలేదు. 1816లో చెన్నపురిలో వెలువడిన కాంబెలు వ్యాకరణమును, 1840 నాటి బ్రౌను వ్యాకరణమును దానిని మరుగుపరచినవి. 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు శ్రీరామపుర ముద్రణాలయమునుండియే వెలువడెను. కేరీ స్వదేశమునకు ఒక్కమారైనను మరలిపోలేదు. 1834 జూన్ 9న శ్రీరామపురముననే మరణించెను. ఆయన సమాధి అచ్చటనే కలదు.