ఫుట్‌బాల్ గురువు రహీం సాహెబ్

ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా విద్యార్థి వసతిగృహాలలో రాత్రి భోజనానంతరం మొదలై తెల్లవారినా తెగని వాదమొకటున్నది. నాటి మేటి క్రీడాకారులు గొప్పవారా, నేటి తారలు గొప్పవారా? బాస్కెట్‌బాల్ అభిమానులు 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ ఒక్క ఆటలో సాధించిన 100 పాయింట్లను ముందుంచుతారు. చాంబర్లేన్ ఆడిన ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత 1979లో గాని రాలేదు. ఆ గీత లేనినాటి లెక్కను ఉన్ననాటి లెక్కతో పక్కపక్కన పెట్టి ఎవరు మాత్రం తీర్పు చెప్పగలరు? వేసవిలో కొల్లేరును చూసినవాడూ, శ్రావణమాసంలో చూసినవాడూ దాని వెడల్పు గురించి వాదించుకున్నట్లుంటుంది. ఇద్దరూ చూసినది నిజమే. కొలబద్ద మాత్రం ఇద్దరి చేతిలోనూ లేదు.

అదే 1962లో హైదరాబాదు ఉపాధ్యాయుడొకరు భారత ఫుట్‌బాల్ జట్టును ఆసియా విజేతగా నిలిపారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన విషయంలో మాత్రం మనకొక కొలబద్ద దొరుకుతుంది.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ తదితర పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. వ్యాయామ విద్యలోనూ శిక్షణ పొందారు. యౌవనంలో తామూ ఆడినవారే గాని, ఆయన కీర్తికి కారణం ఆ ఆట కాదు. 1943 నుండి మరణపర్యంతం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శిగా ఉన్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతను స్వీకరించారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. కలకత్తా జట్ల ముందు దక్షిణాది జట్లు తలవంచి నిలిచే కాలమది.

ఆయన శిక్షణ తరగతిగదిలోని పాఠం వంటిది. బంతిని కాలి దగ్గర ఉంచుకొని విన్యాసాలు చేయడం మన ఆటగాళ్లకు మహా ఇష్టం. దానిని మాన్పించడానికి ఉపన్యాసాలివ్వలేదు. బంతిని వెంటనే తోటివానికి అందించి తీరవలసిన పోటీలను నడిపారు. కుడికాలి వాటంగలవారు ఎడమకాలితోనే ఆడాలనే నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. సికిందరాబాదు నుండి వచ్చిపోవడానికి డబ్బులేదని చెప్పిన తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవానికి రోజూ సైకిలు అద్దె ఆయనే ఇచ్చేవారని చెబుతారు. ఆ బలరామే తర్వాత దేశం చెప్పుకొన్న ఆటగాడైనాడు. ఎవడి కాలిలో ఏమున్నదో ముందుగా కనిపెట్టడం మంచి ఉపాధ్యాయుని మొదటి లక్షణం కదా!

ఇక కొలబద్ద సంగతి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌పై 1-0తో గెలిచి మన జట్టు స్వర్ణం పొందింది. ఆ సంబరం ఏడాది తిరిగేసరికి చల్లారింది. 1952 జూలై 15న హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 గోల్స్‌తో మనవారు చిత్తుగా ఓడిపోయారు. వారిలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. వానకు తడిసిన నేలమీద వట్టికాళ్ల ఆట ఎట్లుంటుందో కొల్లేటి లంకలలో బంతి తన్నిన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయినవి. రహీం గారు ఆ ఓటమిని పాఠ్యపుస్తకంగా తీసుకొన్నారు. ఆనాడు ఐరోపాను కుదిపివేస్తున్న హంగరీ పద్ధతిలో నడిమి ఫార్వర్డును వెనుకకు లాగి, ఎదుటి రక్షకులను తికమకపెట్టే ఎత్తుగడను మనవారికి అలవరిచారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. హైదరాబాదూ ఏలూరూ ఒకే రాష్ట్రంలోకి వచ్చిన సరిగ్గా నెలనాటికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను వారి సొంత గడ్డపై 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, బలరాం, తంగరాజ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదు ఆటగాళ్లు ఆ బృందంలో ఉన్నారు. సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్లీ యుగోస్లావియాయే. ముందు గోల్ చేసినది భారత్. చివరకు 1-4తో ఓడిపోయింది. రెండు ఒలింపిక్స్‌లోనూ యుగోస్లావియాకు రజతమే దక్కింది. నాలుగేండ్ల వ్యవధిలో దాదాపు అదే స్థాయి ప్రత్యర్థితో 1-10 ఓటమి 1-4 ఓటమిగా మారింది. 1960లో రోములో హంగరీతో 1-2, ఫ్రాన్స్‌తో 1-1. వేరే కాలంవారితో పోల్చనక్కరలేకుండానే ఒక గురువు పనితనం ఇక్కడ కనబడుతున్నది.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే తరుగు కూడా లెక్కించాలి. మెల్‌బోర్న్‌లో పాల్గొన్నవి 11 జట్లే. హంగరీ రానందున మొదటి రౌండు మనకు ఆడకుండానే దక్కింది. నాలుగవ స్థానం ఒక్క విజయంతో వచ్చినదే. మరొకవైపు తూర్పు ఐరోపా దేశాలు ఔత్సాహికుల పేరుతో తమ అసలు జాతీయ జట్లనే ఒలింపిక్స్‌కు పంపేవి. మనవారో, దేశవాళీ పోటీలలో 70 నిమిషాల ఆటకు అలవాటుపడి, అక్కడ 90 నిమిషాలు ఆడవలసివచ్చేది. ఈ రెండు వైపులా చూడకుండా స్వర్ణయుగమని మురిసిపోవడం ఎంత తప్పో, పాతకాలపు ఆటే అని కొట్టిపారేయడమూ అంతే తప్పు.

జకార్తా క్రీడలనాటికి రహీం గారి ఊపిరితిత్తులను క్యాన్సర్ తినివేస్తున్నది. మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రక్షకుడైన అతనిని విశ్రాంతికి పంపక, ఫార్వర్డుగా నిలిపారు రహీం గారు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయకపోవడాన్ని భారతీయ ప్రతినిధి ఒకరు విమర్శించినందున స్థానికులు మనపై ఆగ్రహంతో ఉన్నారు. 1962 సెప్టెంబరు 4న ఫైనల్‌కు వచ్చిన లక్షమంది ప్రేక్షకులు మన జట్టుకు వ్యతిరేకంగా హోరెత్తారు. ఆ హోరులో మనవారిని ఉత్సాహపరచినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని చెప్పుకొంటారు. జ్వరం నుండి లేచివచ్చి తంగరాజ్ గోల్ ముందు నిలిచాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో అదే జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. మొదట ఓడించిన దక్షిణ కొరియాపైనే 2-1తో స్వర్ణం.

తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. వయస్సు 53.

నేటి తరం సునీల్ ఛెత్రీ పేరు చెబుతుంది. 2005లో ఆరంభించి 150కి పైగా అంతర్జాతీయ పోటీలలో 90కి పైగా గోల్స్ చేసినవాడు, నిస్సందేహంగా గొప్పవాడు. చునీ గోస్వామి, బలరాంల కాలంలో కొన్ని సంవత్సరాలలో వేళ్లమీద లెక్కించదగిన పోటీలే ఉండేవి కాబట్టి గోల్స్ పట్టిక ఈ వాదాన్ని తీర్చదు. నాటి జట్టును ఉన్నదున్నట్లు తెచ్చి నేటి మైదానంలో నిలిపితే అరగంటకే ఆయాసపడుతుందని నా నమ్మకం. నేటి ఆహారం, వైద్యం, వ్యాయామం వారికిచ్చి, వెంట రహీం గారిని కూడ ఇచ్చిన తర్వాత ఏమవుతుందో మాత్రం ఊహించడం కష్టం. 1960 తర్వాత మన జట్టు ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. ఆసియా క్రీడలలో 1970లో హైదరాబాదు ఆటగాడు నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం వచ్చింది. స్వర్ణం మరి రాలేదు.

రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ బృందంలో ఉన్నవారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొంది, 2021 ఆగస్టులో మరణించారు. తండ్రి జీవితంపై మైదాన్ అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది. చూడగోరే విద్యార్థులు అందులోని ఆటలకంటే, జట్టును ఎంపిక చేసే దృశ్యాలను శ్రద్ధగా చూడవలసిందిగా కోరుతున్నాను.