ఆంటోనీ గౌడీ

ఆంటోనీ గౌడీ (జూన్ 25, 1852 - జూన్ 10, 1926) స్పెయిన్ దేశంలోని కాటలోనియా ప్రాంతానికి చెందిన సుప్రసిద్ధ వాస్తుశిల్పి. బార్సెలోనా నగరంలోని సగ్రాడా ఫమీలియా చర్చి, కాసా బాట్లో, కాసా మిలా, పార్క్ గ్వెల్ ఈయన ప్రధాన నిర్మాణాలు. పార్క్ గ్వెల్ నేడు లక్షలాది మంది సందర్శించే ఉద్యానవనం. అయితే అది మొదట ఒక గృహనిర్మాణ పథకం. ఆ పథకం విఫలమైనందువల్లనే ఉద్యానవనం ప్రజలకు దక్కింది.

బాల్యం, విద్య

గౌడీ కాటలోనియాలోని రెవుస్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి రాగిపాత్రలు తయారుచేసే కంచరి. చిన్నతనంలో కీళ్ళవాతం పీడించడం వలన గౌడీ తోటిపిల్లల ఆటలకు దూరమయ్యాడు. 1878లో బార్సెలోనాలో వాస్తుశిల్ప పట్టా పొందాడు. ఆ ఏడాదే పారిస్ ప్రదర్శనలో, ఒక చేతితొడుగుల వ్యాపారి కోసం గౌడీ రూపొందించిన అద్దాల బీరువా పారిశ్రామికవేత్త యూసెబీ గ్వెల్ దృష్టిని ఆకర్షించింది. అలా మొదలైన స్నేహం 1918లో గ్వెల్ మరణించేవరకు కొనసాగింది. 1883లో సగ్రాడా ఫమీలియా నిర్మాణ బాధ్యత గౌడీకి లభించింది.

పార్క్ గ్వెల్

బార్సెలోనా శివార్లలో చెట్టూచేమా అంతగా లేని ఒక కొండపై, ఇంగ్లండులోని ఉద్యాననగరాల తరహాలో, ధనికుల కోసం 60 ఇళ్ళ స్థలాలతో ఒక కాలనీ కట్టాలని గ్వెల్ సంకల్పించాడు. 1900లో పనులు మొదలయ్యాయి. గౌడీ కొండను చదును చేయించలేదు. వాలును అనుసరించి వంకరదారులు వేయించి, అక్కడే దొరికిన రాళ్ళతో చెట్టుమానుల వలె ఒరిగి ఉండే స్తంభాలపై వంతెనలు కట్టించాడు.

కాలనీవాసుల సంత కొరకు 86 స్తంభాల మంటపం నిర్మించాడు. దాని పైకప్పే విశాలమైన మైదానం. అక్కడ కురిసిన వాన ఇసుక, రాళ్ళ పొరలలో వడగట్టబడి, స్తంభాల లోపలి గొట్టాల గుండా అడుగున ఉన్న తొట్టిని చేరుతుంది. తొట్టి నిండితే నీరు మెట్లపై ఉన్న రంగురంగుల బల్లి బొమ్మ నోటినుండి బయటకు వస్తుంది. బొమ్మ చూసి ముచ్చటపడేవారిలో ఎందరు ఈ ఏర్పాటును గమనిస్తారో చెప్పలేము. మైదానం అంచున పాములా మెలికలు తిరిగే అరుగుకు పగిలిన పింగాణీ పెంకులను అతికించారు. ఈ అలంకరణ ఘనత చాలావరకు గౌడీ సహాయకుడైన జోసెప్ మరియా జుజోల్‌కు చెందుతుంది.

స్థలాలు మాత్రం అమ్ముడుపోలేదు. ఊరికి రాకపోకల సౌకర్యం చాలలేదు, కొనుగోలు షరతులు కఠినంగా ఉండేవి. 60 ఇళ్ళకు గాను కట్టినవి రెండే. 1914లో పనులు ఆగిపోయాయి. సంత ఎన్నడూ జరగలేదు.

చివరి దశ

నమూనాగా కట్టిన ఇంటికి కొనుగోలుదారులు దొరకకపోగా, 1906లో గౌడీయే దానిని కొని వృద్ధుడైన తండ్రితోను, మేనకోడలితోను కాపురముండనారంభించాడు. తండ్రి ఆ ఏడాదే మరణించాడు. 1912లో మేనకోడలు కూడా కన్నుమూసింది. అవివాహితుడైన గౌడీ ఆ ఇంట ఒంటరిగా మిగిలి, 1925లో సగ్రాడా ఫమీలియా పనిశాలకు నివాసం మార్చాడు.

1926 జూన్ 7న ట్రామ్ ఢీకొని గౌడీ గాయపడ్డాడు. మాసిన దుస్తులు చూసి బిచ్చగాడనుకొన్నారు. పేదల ఆసుపత్రిలో మూడు రోజుల తరువాత మరణించాడు. సగ్రాడా ఫమీలియా నేలమాళిగలో ఆయన సమాధి ఉన్నది.

గ్వెల్ వారసుల నుండి 1922లో నగరపాలక సంస్థ కొన్న ఆ స్థలం, గౌడీ మరణించిన 1926లోనే ప్రజా ఉద్యానవనమైంది. యునెస్కో 1984లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2013 నుండి ప్రధాన నిర్మాణాలున్న భాగానికి ప్రవేశ రుసుము విధించారు. గౌడీ నివసించిన ఇంటిని 1963లో మ్యూజియంగా తెరిచారు. ఆ ఇంటికి నమూనా గీసినది మాత్రం గౌడీ కాదు, ఆయన సహచరుడు ఫ్రాన్సెస్క్ బెరెంగెర్.