శ్రీ త్యాగరాజస్వామి గృహస్థ జీవనము

సంసారము సాధనకు ప్రతిబంధకమని తలంచువారు లోకమున పెక్కురు. పాడుకొనవలెనన్న పిల్లల కోలాహలము, వ్రాసికొనవలెనన్న ఇంటి వెచ్చములు అడ్డు వచ్చుచున్నవని వారి మొర. అట్టివారు కాకర్ల త్యాగరాజస్వామివారి గృహజీవనమును ఒక్కమారు పరికింపవలెను. ఆ మహనీయుడు దేహము చాలించుటకు స్వల్పకాలము ముందు సన్న్యసించు పర్యంతము గృహస్థుగానే యుండెను. నేడు మనకు లభించుచున్న సుమారు 700 కృతులలో అధికభాగము తిరువయ్యారులోని ఆ ఇంట పుట్టినవే.

కాకర్లవారి పూర్వులు తెలుగుదేశమునుండి చోళమండలమునకు వలసవచ్చినవారు. రామబ్రహ్మము, సీతమ్మ అను దంపతులకు 1767 మే 4వ తేదీన తిరువారూరునందు స్వామి జన్మించెను. ఆ క్షేత్రమున వెలసిన దైవము పేరే శిశువునకు పెట్టిరి. పిదప కుటుంబము కావేరీతీరమున తిరువయ్యారునందు స్థిరపడినది. శొంఠి వేంకటరమణయ్యగారి యొద్ద సంగీతశిక్ష జరిగెను. పదునెనిమిదవ ఏట పార్వతమ్మతో వివాహమయ్యెను. ఆమె కొలదికాలమునకే గతింపగా, ఆమె చెల్లెలు కమలాంబను పరిణయమాడెను. వారికి సీతాలక్ష్మి యను కుమార్తె కలిగెను.

జీవనోపాధి ఉంఛవృత్తి. ఉంఛమనగా ధర్మశాస్త్రమున కోతలైన పొలమునందు రాలిన గింజలను ఏరుకొనుట. కాలక్రమమున, హరినామము పాడుచు వీథులవెంట నడచి, గృహిణులు ప్రీతితో పెట్టిన బియ్యమును గ్రహించుటకు ఆ పేరు వచ్చినది. భుజమున తంబుర, చేత చిడతలు, వెంట శిష్యులు. స్వామి ఎవరి వాకిట నిలిచి యాచింపలేదు. పాట సాగిపోవుచుండగా పెట్టువారు పెట్టిరి. పాఠశాలలో మధూకరముతో చదువుకొనిన నావంటివారికి ఆ పిడికెడు విలువ కొంత తెలియును. ఒక ఇంట సన్నబియ్యము, ఒక ఇంట ముతకబియ్యము, మరియొక ఇంట తలుపు తెరవనే తెరవరు. కొట్టులో నిలువయున్నవానికి నేటి పిడికెడు కంటబడదు. నిలువ లేనివానికి ప్రతిదినము కొత్తగా లభించినట్లే యుండును. కృతజ్ఞతకు ఏ రోజుకారోజే కారణము దొరకును.

తంజావూరి శరభోజి మహారాజు ఆస్థానమునకు ఆహ్వానింపగా స్వామి నిరాకరించెనని శిష్యపరంపరలోని మాట. అన్నగారు జప్యేశుడు అందులకు కోపించి పూజావిగ్రహములను కావేరిలో పారవైచెననియు, అవి తిరిగి లభించువరకు తమ్ముడు విలపించెననియు చెప్పుదురు. ఈ అన్నగారిని కేవలము దుష్టునిగా చిత్రించుట మనకు అలవాటైనది. అది నాకు సమంజసముగా తోచదు. విగ్రహములను నదిపాలు చేయుట మహాపరాధమే. కాని, ఇంటికి రానున్న సంపదను తమ్ముడు వలదనుట చూచిన పెద్దవానికి రేపటి బియ్యమును గూర్చి భయము కలుగుట సహజము గదా! నేడు కళాకారులున్న ఇండ్లలో వినవచ్చు తగవే ఆ ఇంటను వినబడినది.

ఇక కమలాంబ మాట. పలు వాకిళ్ల నుండి వచ్చిన పలురకముల బియ్యమును ఏరి, చెరిగి, వండి, నైవేద్యమునకు అమర్చి, ఇంట నుండి విద్య నేర్చు శిష్యులకును వచ్చిపోవు అతిథులకును వడ్డింపవలసినది ఆ ఇల్లాలు. ఎందరు వచ్చెదరో ముందుగా తెలియదు. ఎంత బియ్యము వచ్చునో అదియును తెలియదు. స్వామి చరిత్రలలో ఆమెకు లభించిన చోటు మిక్కిలి స్వల్పము. ఆ పొయ్యి వెలుగనిచో ఆ గురుకులము నడచెడిదా యని పాఠకులే యోజింపవలెను.

స్వామివారి ఘనరాగ పంచరత్నములను విద్వాంసులు కొనియాడుదురు, అది యుక్తమే. గృహస్థులకు మాత్రము ఉత్సవసంప్రదాయ కీర్తనలు మరింత దగ్గరివని నా యభిప్రాయము. ఇవి 20కి పైగా నున్నవి. రాముని మేలుకొలుపుట, ఆరగింపు పెట్టుట, తాంబూలమిచ్చుట, ఊయల నూచుట, జోలపాడి పవళింపజేయుట, అన్నియు పాటలే. పసిబిడ్డ గల ఏ ఇంటనైనను ఉదయము మొదలు రాత్రివరకు జరుగునవి ఇవియే గదా! ఆ పనులనుండి తప్పించుకొని పాటకై సమయము వెదకవలసిన యగత్యము స్వామికి కలుగలేదు. పనియే పాటకు వస్తువైనది. సామాన్యులు సైతము పాడుకొనునట్లు వానిని సులభమైన నడకలో కూర్చుట స్వామి చేసిన గొప్ప యుపకారము.

కుమార్తె వివాహ సందర్భమును పెద్దలు ఇట్లు చెప్పుదురు. పెండ్లి పనుల సందడిలో నున్న ఆ ఇంటికి, వాలాజాపేట వేంకటరమణ భాగవతులు శ్రీరాముని చిత్రపటమును కానుకగా గైకొని దీర్ఘమార్గము నడచివచ్చెను. ఆ పటమును చూచినంతనే, రాముడే తన యింటికి కాలినడకను విచ్చేసెనని స్వామి పరవశించి మోహనరాగమున ఒక కృతి పాడెనట. ఆడపిల్ల తండ్రికి ఆనాడు ఎన్ని చింతలుండునో లోకమెరుగును. శిష్యుని అలసిన పాదములలో దైవము నడకను చూచుటకు అంతటి సందడిలోను ఆయనకు తీరిక దొరకినది. ఆ భాగవతుల పరంపరవారు భద్రపరచిన వ్రాతప్రతులవలననే అనేక కృతులు మనవరకు వచ్చినవి.

1839 ప్రాంతమున స్వామి కంచి, తిరుమల మొదలగు క్షేత్రములను దర్శించెను. తిరుమలలో తెర తొలగిన వృత్తాంతము భక్తులెరిగినదే. దానిని మరల వ్రాయ బనిలేదు. 1845లో కమలాంబ పరమపదించినది. 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, స్వామి నాదైక్యమందెను. కుమార్తె కడుపున పుట్టిన మనుమడు సంతానము లేకయే గతించుటచే ఆ శాఖ అంతటితో నిలిచిపోయినది.

నేటికిని ఏటేట ఆ పంచమినాటి ఉదయమున, విద్వాంసులు స్వామి ఇంటినుండి కావేరీ తీరమునందలి సమాధివరకు ఉంఛవృత్తి చేయుచు పాడుచు నడతురు. ఆ తరువాతనే పంచరత్న గోష్ఠి.